స్మాగ్ గుట్టు విప్పిన అనాస పండ్ల శాస్త్రవేత్త

ఆరీ హాగెన్-స్మిట్ 1900లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో పుట్టారు. అక్కడి యూనివర్సిటీలోనే కెమిస్ట్రీ చదివి, మొక్కల్లో ఉండే టెర్పీన్ల మీద పీహెచ్‌డీ చేశారు. పైన్ చెట్ల దగ్గరికెళ్తే ఘాటుగా ఒక వాసన వస్తుంది కదా, అది టెర్పీన్లదే. అమెరికా వెళ్లి 1937లో కాల్‌టెక్‌లో చేరారు. అక్కడ టన్నుల కొద్దీ అనాస పండ్ల నుంచి, వాటికి ఆ వాసననిచ్చే పదార్థాల్ని గ్రాముల్లో వేరుచేశారు.

అప్పట్లో లాస్ ఏంజెలెస్‌ని స్మాగ్ కమ్మేస్తుండేది. జనానికి కళ్లు మంటలు, పొలాల్లో ఆకుకూరలు పాడు. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. అనాస వాసన పట్టిన పద్ధతిలోనే ఆయన ఊరి గాలిని చల్లబరిచి, అందులో ఏముందో చూశారు. హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిస్తే ఓజోన్ పుడుతుందని 1952లో ప్రచురించారు. రెండూ ఎక్కువగా బండ్ల నుంచీ రిఫైనరీల నుంచీ వచ్చేవే. ఆయిల్ కంపెనీల డబ్బుతో పనిచేసే పరిశోధకులు ఇది తప్పన్నారు. ఆయన తగ్గలేదు, ప్రయోగాలతోనే జవాబిచ్చారు.

ఇక్కడో మెలిక ఉంది. హైడ్రోకార్బన్లు చెట్లూ వదులుతాయి! అడవుల మీద కనిపించే నీలి మసకకి టెర్పీన్లే కారణమని 1960లో ఆయన పాత సహోద్యోగి ఫ్రిట్స్ వెంట్ రాశారు. ఓక్ లాంటి చెట్లు వదిలే ఐసోప్రీన్ అయితే ఎండా వేడీ పెరిగేకొద్దీ పెరుగుతుంది. ప్రపంచమంతా కలిపి ఏడాదికి సుమారు 50 కోట్ల టన్నులు.

మరి తప్పు చెట్లదేనా? కాదు. ఐసోప్రీన్ గాలిలో విరిగి, నైట్రిక్ ఆక్సైడ్‌ని నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఎండకి అది విడిపోయి ఒక ఆక్సిజన్ పరమాణువుని వదులుతుంది. అది మామూలు ఆక్సిజన్‌తో కలిస్తే ఓజోన్. అంటే నైట్రోజన్ ఆక్సైడ్లు లేకపోతే కథ ముందుకి నడవదు. అవి బాగా తక్కువున్న చోట ఐసోప్రీన్ ఓజోన్‌ని తినేస్తుంది కూడా.

1968లో హాగెన్-స్మిట్ కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డుకి తొలి ఛైర్మన్ అయ్యారు. ఆయన హయాంలోనే, 1971లో, వాహనాల నైట్రోజన్ ఆక్సైడ్ల మీద అమెరికాలో మొట్టమొదటి పరిమితి వచ్చింది. 1977లో ఆయన పోయారు. చెట్లు దండిగా ఉన్న అట్లాంటాలో పెట్రోల్ ఆవిర్లని మాత్రమే తగ్గిస్తే సరిపోదని, నైట్రోజన్ ఆక్సైడ్లనీ తగ్గించాలని 1988లో ఒక అధ్యయనం చెప్పింది.

చెట్టుని ఊపిరి ఆపమనలేం. సైలెన్సర్ నుంచి వచ్చేదాన్ని ఆపడం మాత్రం ఇంజనీర్ల చేతిలో పనే.