తప్పు ఒప్పుకున్న నావికుడు - జాన్ న్యూటన్

న్యూటన్ అనగానే మన హాస్టల్‌లో ఎవరికైనా ఆపిల్ పండు, ఫిజిక్స్ పుస్తకం గుర్తుకు వస్తాయి. నేను చెప్పబోయేది ఆ న్యూటన్ గురించి కాదు. మనుషులను బానిసలుగా అమ్మే ఓడలు నడిపి, ఆ తర్వాత తన తప్పును లోకం ముందు ఒప్పుకున్న మరో న్యూటన్ గురించి. ఎన్నో దేశాల చర్చిల్లో పాడుకునే ‘అమేజింగ్ గ్రేస్’ పాట రాసింది ఈయనే.

జాన్ న్యూటన్ 1725 జూలై 24న లండన్‌లో జన్మించాడు. తండ్రి ఓడ కెప్టెన్. తల్లి దైవభక్తురాలు. కొడుకుకి చిన్నప్పుడే బైబిలు నేర్పింది. కానీ ఏడేళ్లు నిండకముందే ఆ తల్లి కన్నుమూసింది. పదకొండో ఏట తండ్రి వెంట సముద్రం మీదకు వెళ్లాడు. క్రమంగా తల్లి నేర్పిన ప్రార్థనలు మరచిపోయాడు. నోరు తెరిస్తే బూతులు, దేవుడంటే ఎగతాళి. 1744లో ఆయనను బలవంతంగా నౌకాదళంలోకి పట్టుకుపోయారు. పారిపోబోయి దొరికిపోయి, అందరి ముందు కొరడా దెబ్బలు తిన్నాడు.

తర్వాత పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఒక బానిసల వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. అక్కడ జ్వరంతో పడిపోతే పట్టించుకున్నవారు లేరు. ఒంటి మీద సరైన బట్ట లేదు. ఆకలికి తట్టుకోలేక రాత్రిపూట పొలంలో దుంపలు పెరికి పచ్చివే తినేవాడు. అప్పుడు ఆయనకు అన్నం పెట్టింది ఎవరో తెలుసా? గొలుసులతో కట్టేసిన బానిసలు! తమకు పెట్టే కొద్దిపాటి తిండిలోనే కొంత దాచి, యజమానికి తెలియకుండా ఇచ్చేవారు. మిత్రులారా, ఈ మాట గుర్తుంచుకోండి.

1748లో ‘గ్రేహౌండ్’ అనే ఓడ ఎక్కి ఇంగ్లండుకు తిరుగు ప్రయాణమయ్యాడు. మార్చి నెలలో అట్లాంటిక్ సముద్రంలో పెద్ద తుఫాను వచ్చింది. ఓడ పక్కభాగం పగిలి నీళ్లు లోపలికి వచ్చాయి. గంటల తరబడి నీళ్లు తోడుతూ, చుక్కాని పట్టుకుని, ఎన్నో ఏళ్ల తర్వాత దేవుని పేరు తలచుకున్నాడు. చివరికి ఓడ ఐర్లండు తీరం చేరింది. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు. ఆ తుఫాను రోజును బ్రతికినంతకాలం ప్రార్థనతో గడిపాడు.

కథ ఇక్కడితో ముగిస్తే బాగుండేది. చాలామంది ఇక్కడితోనే ముగిస్తారు కూడా. కానీ నిజం వేరు. తుఫాను తర్వాత కూడా న్యూటన్ బానిసల ఓడల్లోనే పనిచేశాడు. 1750 నుండి 1754 వరకు కెప్టెన్‌గా మూడు ప్రయాణాలు చేశాడు. పైన ఓడ సిబ్బందితో ఆదివారం ప్రార్థనలు చేయించేవాడు. కింద చీకటి గదిలో ఆఫ్రికా మనుషులు సంకెళ్లతో, పక్కకు ఒరగడానికి చోటు లేకుండా పడి ఉండేవారు. తనకు తిండి పెట్టి బ్రతికించిన వారిలాంటి మనుషులే వారు! అయినా ఆయనకు అది తప్పని తోచలేదు. ఆ రోజుల్లో అది గౌరవమైన వ్యాపారం. అందరూ చేస్తుంటే తప్పు తప్పులా కనిపించదు కదా.

1754లో జబ్బు చేయడంతో సముద్రం వదిలాడు. లివర్‌పూల్ రేవులో ఉద్యోగం చేస్తూ గ్రీకు, హీబ్రూ భాషలు సొంతంగా నేర్చుకున్నాడు. 1764లో ఓల్నీ అనే ఊరిలో చర్చి గురువు అయ్యాడు. ‘అమేజింగ్ గ్రేస్’ 1773 కొత్త సంవత్సరం ఆరాధన కోసం రాసినది. 1780లో లండన్ వచ్చాడు. 1785లో విల్బర్‌ఫోర్స్ అనే 26 ఏళ్ల పార్లమెంటు సభ్యుడు రాజకీయాలు వదిలేయాలా అన్న సందేహంతో ఆయన దగ్గరకు వచ్చాడు. వదలవద్దనీ, అక్కడే ఉండి దేవుని పని చేయమనీ న్యూటన్ నచ్చజెప్పాడు. ఆ యువకుడే తర్వాత బానిసల వ్యాపారానికి వ్యతిరేకంగా పోరాడాడు.

చివరికి 1788లో, ఓడలు వదిలిన 34 ఏళ్లకు, న్యూటన్ ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. ఆ వ్యాపారంలో తాను చేసినదీ చూసినదీ దాచకుండా రాశాడు. తన ఒప్పుకోలు చాలా ఆలస్యమైందని కూడా అందులోనే అంగీకరించాడు. పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. పెద్ద గురువుగా పేరున్న మనిషి, ముసలితనంలో, తన సిగ్గును తానే బయటపెట్టుకున్నాడు. 1807 మార్చిలో బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని నిషేధించింది. అదే ఏడాది డిసెంబరు 21న, 82వ ఏట, న్యూటన్ కన్నుమూశాడు.

క్రైస్తవులు దీనినే మారుమనస్సు అంటారు. దేవుడు క్షమించాడు కాబట్టి ఇక ఆ సంగతి ఎత్తవద్దు అని న్యూటన్ అనుకోలేదు. క్షమించాడు కాబట్టే భయపడకుండా నిజం చెప్పగలిగాడు. అయినా ఆయన ఓడల్లో పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు. ఆలస్యానికి మూల్యం ఎప్పుడూ ఇతరులే చెల్లిస్తారు.

మన సంగతి చూసుకుందాం. జూనియర్‌గా ఉన్నప్పుడు ఏడ్చినవాడే సీనియర్ అయ్యాక కొత్తవాడిని ఏడిపిస్తాడు. మాకూ చేశారు, అందరూ చేసేదే అంటాడు. తన ఆకలి రోజులు మరచిన న్యూటన్ కూడా అలాగే ఉన్నాడు. ఆయనకు 34 ఏళ్లు పట్టింది. మనం అంతకాలం ఆగవలసిన పని లేదు. ఎవరినైనా బాధపెట్టి ఉంటే, ఈ రాత్రి భోజనాల దగ్గరే వెళ్లి, తమ్ముడూ, నాదే తప్పు అని చెప్పవచ్చు.