బడిని, పేరును ఇచ్చిన భాగ్యరెడ్డి వర్మ

మన హాస్టల్లో చేరేటప్పుడు ప్రతి ఒక్కరం కుల ధ్రువీకరణ పత్రం జిరాక్సు పట్టుకొనే వచ్చాం. కొందరి పత్రాల్లో మాల అని, కొందరి పత్రాల్లో మాదిగ అని ఉంటుంది. నా పత్రంలో ఆది ఆంధ్ర అని ఉంది. ఆ రోజు దరఖాస్తు మీద నాన్న వేలిముద్ర వేశాడు, నేను సంతకం చేశాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో మా ఇద్దరికీ తెలియదు. పి.జి.లో చేరాక లైబ్రరీలో భాగ్యరెడ్డి వర్మ గారి జీవితం చదివినప్పుడు తెలిసింది. తమ్ముళ్లకు కూడా తెలియాలని ఇది రాస్తున్నాను.

ఆయన 1888 మే 22న హైదరాబాద్‌లో ఒక పేద మాల కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులు మాదరి వెంకయ్య, రంగమాంబ. పెట్టిన పేరు భాగయ్య. ఒకప్పుడు ఈ నేలను ఏలినవారు మనవాళ్లేనన్న నమ్మకంతో కుటుంబ గురువు దాన్ని భాగ్యరెడ్డిగా మార్చారు. వర్మ అన్నది 1913లో ఆర్యసమాజం వారిచ్చిన బిరుదు. (పేరు చూసి మొదట నేను కూడా వేరే కులస్థుడనుకున్నాను.) చిన్నతనంలోనే ఒక బారిస్టరు గారింట్లో పనికి కుదిరారు. ఆ ఇంట్లోనే చదువు రుచి తెలిసింది.

1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, జగన్మిత్ర మండలి స్థాపించారు. చదువు రానివారికి కరపత్రం ఇచ్చి లాభం లేదు కదా! అందుకని హరికథలు చెప్పించారు. కథ కోసం వాడ వాడంతా కూర్చునేది. కథ మధ్యలోనే తాగుడు, బాల్యవివాహాలు, ఆడపిల్లలను జోగినులుగా వదిలేయడం గురించి చెప్పేవారు. 1911లో ఆ మండలి మన్య సంఘమైంది, తరువాత ఆది హిందూ పేరుతో సాగింది.

అన్నిటికంటే పెద్ద పని బడులు. నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ. ఇంట్లో తెలుగు మాట్లాడే దళిత పిల్లవాడికి ఊరి బడి గుమ్మమే దూరం, గుమ్మం దాటినా భాష అర్థం కాదు. పైగా పిల్లవాడు బడికి పోతే ఆ పూట ఇంటికి వచ్చే కూలి పోతుంది. వర్మ గారు 1910లో ఇసామియా బజారులో మొదటి బడి తెరిచారు. బడిని వాడ దగ్గరికి తెచ్చారు, పాఠం తెలుగులో చెప్పించారు. చందాలు పోగుచేసి నడిపారు. ఒక్క బడితో ఆగలేదు. 1930లు వచ్చేసరికి 26 బడులు, సుమారు 2,500 మంది పిల్లలు! తరువాత నిజాం ప్రభుత్వమే వాటి బాధ్యత తీసుకుంది. ఐక్యరాజ్యసమితి 2015లో ప్రకటించిన 17 లక్ష్యాల్లో మొదటిది పేదరిక నిర్మూలన, నాలుగోది నాణ్యమైన విద్య. ఈ రెండింటి సంబంధం ఆయనకు నూరేళ్లకు ముందే తెలుసు.

ఇక మన పక్కనే జరిగిన సంగతి. 1917 నవంబరులో బెజవాడలో, మన వట్లూరు స్టేషను మీదుగా పోయే రైళ్లు ఆగే ఆ ఊళ్లోనే, ఆంధ్రదేశపు మొదటి పంచమ మహాసభ మూడు రోజులు జరిగింది. గూడూరు రామచంద్రరావు గారు పూనుకొని ఏర్పాటు చేశారు. అధ్యక్షుడు వర్మ గారు. ఆయన అసలు సభ పేరునే ఒప్పుకోలేదు. నాలుగు వర్ణాలే ఉన్నప్పుడు ఈ అయిదోది ఎక్కడిదని అడిగారు. మనం ఈ నేల మొదటి మనుషులం కనుక ఆది ఆంధ్రులమని చెప్పారు. పంచమ సభగా మొదలైనది ఆది ఆంధ్ర సభగా ముగిసింది. ఆ మూడు రోజులూ కనకదుర్గమ్మ గుడి తలుపులు మూసేశారు. వీళ్లు చేసుకుంటున్నది సభ, అక్కడ భయం గుడికి!

పేరు మారితే కడుపు నిండుతుందా అని మా రూములో ఒక రాత్రంతా వాదించుకున్నాం. నిండదు, నిజమే. కానీ హాజరు పట్టీలో అవమానంగా రాసిన పేరుకు లేచి నిలబడే పిల్లవాడు ఎన్ని రోజులు బడికి వస్తాడు? ప్రభుత్వాన్ని బావి అడగాలన్నా, బడి అడగాలన్నా అర్జీ మీద ఏదో ఒక పేరు ఉండాలి. అందుకే బడీ పేరూ రెండూ ఒకే మనిషి చేతి మీదుగా రావడం నాకు సబబుగా అనిపిస్తుంది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర పేరును అంగీకరించింది. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాద్ రాజ్యంలో ఆది హిందూ అన్న పేరు ఎక్కింది. ఆ ఏడాదే ఆయన భాగ్యనగర్ అనే పత్రిక మొదలుపెట్టారు.

ఆయన బుద్ధుణ్ణి అభిమానించి 1913లోనే హైదరాబాద్‌లో బుద్ధ జయంతి జరిపారు. 1930లో లక్నోలో జరిగిన ఆది హిందూ మహాసభలో, లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి మన తరఫున అంబేద్కర్ గారు వెళ్లాలని బలపరిచారు. 1939 ఫిబ్రవరి 18న, యాభై ఒకటి నిండకుండానే కన్నుమూశారు.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఆ పాత పత్రం తీసి నాన్నకు ఇదంతా చెప్పాను. ఆయన ఆ మాట ఎక్కడుందో వేలుతో చూపించమన్నాడు. చూపించాను. కాసేపు దాని మీదే వేలు పెట్టి ఉంచి, తడవకుండా ట్రంకు పెట్టెలో అడుగున పెట్టమన్నాడు.