లైసెన్సు ఒక్కటే సరిపోలేదు: బెస్సీ కోల్‌మన్ జీవితం

పైలట్ కావాలనుకునే మన పిల్లలకు మొదట అడ్డుపడేది ఫీజు. లైసెన్సుకు లక్షలు కావాలి. అది చేతికొచ్చాక ఫలానా రకం విమానం నడపడానికి టైప్ రేటింగ్ పేరుతో మళ్లీ లక్షలు. ఎయిర్‌లైన్ ఉద్యోగం ఆ తర్వాతి మాట. నూరేళ్ల కిందట అమెరికాలో ఇలాంటి దారినే నడిచిన బెస్సీ కోల్‌మన్ గురించి అందుకే ఇక్కడ రాస్తున్నాం.

బెస్సీ 1892 జనవరి 26న టెక్సాస్ రాష్ట్రంలో, అట్లాంటా అనే చిన్న ఊళ్లో పుట్టింది. పాలుకు సేద్యం చేసుకునే నల్లజాతి కుటుంబం. పత్తి ఏరే రోజులొస్తే పిల్లలకు చదువు ఆగిపోయేది. ఇళ్లలో బట్టలుతికి కూడబెట్టిన డబ్బుతో ఆమె ఓక్లహోమాలోని లాంగ్‌స్టన్ కాలేజీలో చేరింది. ఒక్క టర్మ్‌కే డబ్బు అయిపోయింది. మళ్లీ ఉతుకుడు పనికే వచ్చింది.

1915లో షికాగో వెళ్లి ఒక సెలూన్‌లో గోళ్లు తీర్చిదిద్దే పనిలో కుదిరింది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన అన్న ఫ్రాన్స్‌లో ఆడవాళ్లు విమానాలు నడుపుతారని ఆటపట్టించాడు. ఆ మాట ఆమెలో పట్టుదల పెంచింది. నల్లజాతి మనిషి, పైగా ఆడది. అమెరికాలో ఒక్క ఫ్లయింగ్ స్కూలూ చేర్చుకోలేదు. షికాగో డిఫెండర్ పత్రిక అధిపతి రాబర్ట్ అబ్బాట్ ఫ్రాన్స్ వెళ్లమన్నాడు. ఆమె ఫ్రెంచి నేర్చుకుంది, జీతం దాచుకుంది. అబ్బాట్, నల్లజాతి బ్యాంకరు జెస్సీ బింగా సాయం చేశారు. 1920 నవంబరులో ఓడెక్కింది.

లె క్రోటోయ్‌లోని కోడ్రాన్ సోదరుల స్కూల్లో శిక్షణ పొంది, 1921 జూన్ 15న అంతర్జాతీయ పైలట్ లైసెన్సు సాధించింది. ఆఫ్రికన్ అమెరికన్ మహిళల్లో ఆమే మొదటిది.

తిరిగొచ్చాక బతుకుతెరువు ప్రశ్న. అప్పటికి ప్రయాణికుల విమాన సర్వీసులు ఇంకా నిలదొక్కుకోలేదు. మిగిలింది జనం ముందు విన్యాసాలు చేయడం. వాటికోసం మళ్లీ యూరప్ వెళ్లి నేర్చుకుంది. 1922 సెప్టెంబరు 3న న్యూయార్క్‌లో తొలి ప్రదర్శన ఇచ్చింది. 1923లో, సైన్యం వాడి వదిలేసిన పాత విమానం గాల్లో ఆగిపోయి కూలింది. కాలు, పక్కటెముకలు విరిగాయి.

కోలుకున్నాక కూడా ఎగురుతూ, ఉపన్యాసాలిస్తూ నల్లజాతి యువత కోసం ఫ్లయింగ్ స్కూలు పెట్టాలని డబ్బు కూడబెట్టింది. వాక్సహాచీలో నల్లవాళ్లకు వేరే గేటు పెడతామంటే తాను ఎగరనంది. నిర్వాహకులు ఒకే గేటు పెట్టారు. లోపల కూర్చునే చోటు మాత్రం వేరుగానే ఉంచారు.

1926 ఏప్రిల్ 30న జాక్సన్‌విల్‌లో ప్రదర్శనకు ముందు మెకానిక్ విలియం విల్స్ విమానం నడుపుతున్నాడు. కింద చోటు చూసుకోవడానికి బెస్సీ బెల్టు పెట్టుకోలేదు. కంట్రోళ్లలో రెంచి ఇరుక్కుని విమానం తలకిందులైంది. ఇద్దరూ చనిపోయారు. ఆమెకు 34 ఏళ్లు. స్కూలు కల అలాగే మిగిలింది. 1929లో విలియం పావెల్ లాస్ ఏంజలిస్‌లో ఆమె పేరుతో ఏరో క్లబ్ నడిపాడు.

ఎయిర్‌లైన్ తలుపు తెరవడానికి మరో తరం పట్టింది. వైమానిక దళంలో పనిచేసిన మార్లన్ గ్రీన్‌ను కాంటినెంటల్ సంస్థ తీసుకోలేదు. ఆయన పోరాడి 1963లో సుప్రీంకోర్టులో గెలిచాడు.

లైసెన్సున్నా ఉద్యోగం వివక్ష దగ్గర ఆగిందని గ్రీన్ కేసు చెబుతోంది. అందుకే మనం శిక్షణ ఫీజుకు స్కాలర్‌షిప్ అడిగి ఊరుకోకూడదు. టైప్ రేటింగ్ ఖర్చు ఎవరు భరిస్తారో, కాక్‌పిట్‌లో మనవాళ్లు ఎంతమందో కూడా అడగాలి.