గోదావరి గట్టున కుంచె పట్టిన దామెర్ల

రాజమండ్రి: చిత్రకళలో ఆంధ్రులకు పేరు తెచ్చిన శ్రీ దామెర్ల రామారావుకు నిండా 28 ఏళ్ల ఆయుష్షు కూడా లేదు. 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. 1925 ఫిబ్రవరి 6న మశూచికంతో కన్నుమూశారు. బొంబాయిలో చదువు ముగిశాక ఆయనకు దక్కిన కాలం అటూ ఇటూగా అయిదేళ్లు. ఆ కొద్దిపాటి కాలంలో అంత పని ఎలా చేయగలిగారన్నది మన జిల్లాలో కుంచె పట్టే కుర్రవాళ్లు తెలుసుకోవలసిన సంగతి.

తండ్రి వైద్యుడు. ఇంట్లో తిండికీ బట్టకీ లోటు లేదు. కుర్రవాడికి మాత్రం బడి చదువు మీద కంటే బొమ్మల మీదనే ధ్యాస. ఆ రోజుల్లో బొమ్మలు వేయడం ఒక చదువని గానీ, దానివల్ల నాలుగు వేళ్లు నోట్లోకి వెళ్తాయని గానీ అనుకునేవారు తక్కువ. రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు అప్పుడు ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఈ కుర్రవాడి చేతిలో ఏదో ఉన్నదని గుర్తించారు. ఆయన స్వయంగా చిత్రకారుడు, రచయిత. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు వంటివారు కూడా ఆ దొర చేరదీసిన శిష్యులే. పరాయి దేశం నుంచి వచ్చిన మనిషి మన పిల్లలను తమ దేశపు బొమ్మలకు నకళ్లు వేయమనకుండా, అజంతా చూడండి, మీ చుట్టూ ఉన్న మనుషులను చూడండి అని దారి పెట్టడం విశేషం. ఆయన చలవవల్లనే 1916లో రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరగలిగారు.

అక్కడి చదువు కఠినమైనది. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి ఎముక ఎక్కడ, కండ ఎక్కడ, ఒంటి బరువు ఏ కాలి మీద పడుతోంది అన్నది చూసి గీయాలి. గీసి చెరపాలి, మళ్లీ గీయాలి. రంగు జోలికి పోవడం ఆ తరువాతనే. రామారావు ఈ చాకిరీకి వెనుదీయలేదు. 1920లో ప్రథముడుగా నెగ్గి బయటికి వచ్చారు.

అసలు చిక్కు ఇక్కడ మొదలయింది. నేర్చిన పద్ధతి పడమటిది. దేశంలో అప్పుడు పేరున్నది బెంగాలు పద్ధతి. నీటిరంగును పలచగా అలికి పొగమంచులో చూసినట్టు బొమ్మ వేయడం దాని తీరు. ఇళ్లలో గోడల మీద వేలాడేవేమో రవివర్మ అచ్చుబొమ్మలు. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్ని పట్టుకుని వేసినా పొట్టకు లోటుండేది కాదు. రామారావు మాత్రం బొంబాయిలో నేర్చిన ఒడుపునూ, అజంతా గోడల మీది గీతనూ దగ్గరికి చేర్చి, అందులో తెలుగు మనుషులను నిలబెట్టే ప్రయత్నం చేశారు. సిగలో పూలు ముడుచుకునే ఆడవారు, నందికి పూజ చేసేవారు, తూర్పు కనుమల నడుమ గోదావరి ఆయన కుంచెకు ఎక్కారు. పుష్పాలంకరణ, నంది పూజ, సిద్ధార్థ రాగోదయం, కృష్ణలీల ఆయన పేరు నిలిపిన చిత్రాలలో కొన్ని. ఋష్యశృంగుని కథ మీద వేసిన చిత్రానికి కలకత్తా ప్రదర్శనలో బహుమతి వచ్చింది.

రంగుల చిత్రాలను అందరూ మెచ్చుకుంటారు. కానీ ఈ విలేకరి దృష్టిలో ఆయన విడిచిపెట్టి వెళ్లిన పెన్సిలు చిత్తులు అంతకు మించినవి. ఇవి వందల్లో ఉన్నాయి. ఒక చెయ్యి, ఒక మెడ వంపు, కూర్చున్న మనిషి వీపు, నడిచే పశువు, ఇలా కనబడినదల్లా ఆ కాగితాలకు ఎక్కింది. మన ఇళ్లలో ఆడవారు ముగ్గు వేసేటప్పుడు చెయ్యి తడబడదు. రోజూ తెల్లవారుజామున వాకిట్లో వేసిన చెయ్యి అది. దామెర్ల గీత కూడా అటువంటిదే. చూసినవారికి ఒక్క ఊపులో గీసినట్టు కనబడుతుంది. ఆ ఊపు వెనుక ఎంత కాగితం ఖర్చయిందో ఆ చిత్తులే చెబుతాయి.

ఆయన నేర్చినదాన్ని తన దగ్గరే దాచుకోలేదు. 1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి కుర్రవాళ్లకు నేర్పించడం మొదలుపెట్టారు. ఇంట్లో భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. స్త్రీలు బొమ్మలు వేయడమేమిటని ముక్కు మీద వేలు వేసుకునే కాలంలో ఇది చిన్న విషయం కాదు.

బడి పెట్టి రెండేళ్లయినా సరిగా నిండకముందే అమ్మవారు సోకింది. మశూచికం మన దేశం నుంచి పూర్తిగా పోయిందని 1977లో ప్రకటించారు. రామారావు కాలానికి టీకా ఉన్నా, ఊళ్లకు ఊళ్లు ఆ జబ్బుకు బలి అవుతూనే ఉండేవి. చేతికి పట్టు చిక్కి, తన దారి తనకు తెలిసిన సమయంలో ఆయన పోయారు.

గురువు పోయిన బడి సాధారణంగా నిలవదు. ఇది నిలిచింది. మిత్రుడు వరదా వెంకటరత్నం బాధ్యత నెత్తిన వేసుకుని బడి నడిపించారు. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న సత్యవాణి చిత్రాలను చెల్లాచెదరు కానీయకుండా కాపాడారు. ఏ ధనికుడో అడిగితే ఒక్కొక్కటిగా అమ్ముకుని కాలం వెళ్లబుచ్చవచ్చు. ఆమె ఆ పని చేయలేదు. వారి పూనికవల్లనే గోదావరి గట్టున దామెర్ల రామారావు చిత్రశాల ఏర్పడింది. తరువాత అది ప్రభుత్వం చేతికి వచ్చింది.

1991, 2003, 2015 పుష్కరాలకు లక్షలాది జనం ఆ గట్టు మీదుగానే నడిచి వెళ్లారు. మునక వేసి, పిండం పెట్టి, తిరుగు బండి పట్టుకున్నవారే ఎక్కువ. ఆ చిత్రశాల గడప తొక్కినవారు ఎందరో చెప్పనక్కరలేదు. నీటిరంగు కాగితానికి చెమ్మ, చెదలు, దుమ్ము బద్ధ శత్రువులు. నది పక్కన ఈ మూడింటికీ కొదవ లేదు. వందేళ్లు దాటిన ఆ కాగితాలను వానాకాలం వచ్చినప్పుడల్లా కనిపెట్టి చూడవలసి ఉంటుంది. ఈసారి పుష్కరాలు 2027లో.