కొండ మీద గోళీ గీసిన మనిషి



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు ఫోన్ తీసి నాకొక రిపోర్టు చూపించారు. కాస్త ఉమ్మి శాంపిల్ పంపితే చాలట, పిల్లవాడి జీన్స్ చూసి వాడికి లెక్కలు వస్తాయో, సంగీతం వస్తుందో, ఆటలు వస్తాయో చెప్పేస్తారట. బాబు ఆరో తరగతి. రిపోర్టులో లెక్కల దగ్గర ఎర్ర గీత ఉంది. మేడమ్, ఇక వీణ్ణి లెక్కల్లో ఇబ్బంది పెట్టడం మానేద్దామా అని ఆయన చాలా మామూలుగా అడిగారు. బాబు పక్కనే నిలబడి వింటున్నాడు. వెనక ఇంకో నలుగురు లైన్లో ఉన్నారు. వద్దండీ, ఆ రిపోర్టు పక్కన పెట్టండి అని మాత్రం అనగలిగాను. ఎందుకు పక్కన పెట్టాలో చెప్పాలంటే ఒక మనిషి కథ చెప్పాలి. అది లైన్లో నిలబడి చెప్పే కథ కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పేరు కాన్రాడ్ హాల్ వాడింగ్టన్. 1905 నవంబర్ 8న ఇంగ్లండ్‌లోని ఈవ్‌షామ్‌లో పుట్టారు. పసితనం మాత్రం మన దక్షిణాదిలో గడిచింది. వాళ్ల నాన్నగారు వాయనాడ్‌లో టీ ఎస్టేట్‌లో పనిచేసేవారు. ఇప్పుడది కేరళ. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాల్లాగే అది కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1910లో, నాలుగేళ్ల వయసులో, పిల్లవాణ్ణి చదువు కోసం ఇంగ్లండ్‌లో బంధువుల దగ్గరికి పంపేశారు. ఇక్కడ ఉద్యోగాలు చేసే ఆంగ్లేయ కుటుంబాల్లో అది మామూలే. తల్లిదండ్రులు మాత్రం 1928 దాకా ఇక్కడే ఉండిపోయారు. అంటే వాళ్లు తిరిగి వెళ్లేసరికి కొడుక్కి డిగ్రీ కూడా పూర్తయి రెండేళ్లయింది. హాస్టల్లో పిల్లల్ని దించి, గేటు దగ్గర వెనక్కి తిరిగి చూసే అమ్మానాన్నల్ని ఏటా జూన్‌లో చూస్తుంటాను కాబట్టి, ఆ పద్దెనిమిదేళ్ల మాట నేను తేలిగ్గా చదవలేకపోయాను.

అక్కడ ఆయన్ని పెంచింది పిన్ని, బాబాయి, నాయనమ్మ వరస వాళ్లు. మందుల షాపు నడిపే ఒక దూరపు బంధువు కూడా ఉండేవారు. పేరు డాక్టర్ డోగ్. పిల్లవాడు ఆయన్ని తాతయ్యా అనే పిలిచేవాడు. కెమిస్ట్రీ దగ్గర్నుంచి భూమి పొరల దాకా తనకు తెలిసినదంతా ఆయనే ఈ పిల్లవాడికి చూపించారు. తర్వాత బ్రిస్టల్‌లోని క్లిఫ్టన్ కాలేజ్ అనే స్కూల్లో హోల్మ్‌యార్డ్ అనే కెమిస్ట్రీ మాస్టారు దొరికారు. ఆయన సిలబస్‌తో ఆగే రకం కాదు. పాత అరబ్బు రసవాదుల గురించి కూడా చెప్పేవారు.

కేంబ్రిడ్జ్‌లో వాడింగ్టన్ ఫస్ట్ క్లాస్ తెచ్చుకున్న సబ్జెక్టు జియాలజీ, 1926లో. బయాలజీ కాదు! మన దగ్గర ఇంటర్‌లో చేరే రోజే ఎంపీసీనా బైపీసీనా అని దారి తేల్చేస్తాం కదా, ఆ లెక్కన ఈయన కథ అక్కడే ముగిసిపోవాలి. మొదట రీసెర్చ్ మొదలుపెట్టింది అమ్మోనైట్ల మీద. కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు జీవుల శిలాజాలు అవి. మన పూజగదుల్లో ఉండే సాలగ్రామాలు ఆ జాతివే. అమ్మోనైట్ గుల్ల చుట్టలు చుట్టుకుంటూ పెరుగుతుంది. లోపలి చుట్ట బాల్యం, బయటి చుట్ట ముసలితనం. ఒక జీవి పెరిగిన తీరంతా ఒకే రాయిలో కనిపిస్తుంది. పెరగడం అనే విషయం మీదికి ఆయన మనసు మళ్లింది అక్కడే అని నాకు అనిపిస్తుంది. ఎందుకంటే కొద్ది కాలానికే ఆయన రాళ్లు వదిలి కోడిగుడ్లలోని పిండాల దగ్గరికి వచ్చేశారు.

ఆ రోజుల్లో పిండాల శాస్త్రం అంతా ఒక జర్మన్ ప్రయోగం చుట్టూ తిరుగుతుండేది. 1924లో హాన్స్ స్పెమాన్, హిల్డే మాంగోల్డ్ ఒక పిండంలోని చిన్న ముక్కను ఇంకో పిండంలో పెడితే అక్కడ రెండో వెన్నెముక, రెండో మెదడు తయారవడం మొదలైంది. ఆ ముక్క ఏదో ఆర్డర్ వేస్తోంది, చుట్టూ ఉన్న సెల్స్ వింటున్నాయి. పక్షుల్లోనూ ఇలాగే జరుగుతుందని వాడింగ్టన్ చూపించారు. ఆ ఆర్డర్ వేసే రసాయనం ఏమిటో పట్టుకోవాలని జోసెఫ్ నీధామ్ వంటి మిత్రులతో కలిసి కొన్నేళ్లు వెతికారు. 1936లో చిక్కొచ్చి పడింది. మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు పెట్టినా నరాల కణజాలం తయారవుతోంది! పిండంలో ఆ రంగు ఎక్కడా ఉండదు. అంటే ఆర్డర్‌లో పెద్ద విశేషం లేదు, ఎవరు తలుపు తట్టినా తెరుచుకుంటోంది. చాలామంది నిరాశపడి ఆ దారి వదిలేశారు. వాడింగ్టన్ మాత్రం ప్రశ్నను తిప్పారు: అసలు రహస్యం వినే సెల్ లోపల ఉండాలి కదా, అది ఏ సమయంలో దేనికి సిద్ధంగా ఉంటుంది?

ఆ జవాబు కోసం అమెరికా వెళ్లి థామస్ హంట్ మోర్గాన్ లాబ్‌లో పండు ఈగలతో పనిచేశారు. జీన్స్ చదివేవాళ్లు ఒక గదిలో, పిండాలు చదివేవాళ్లు ఇంకో గదిలో ఉన్న కాలం అది. రెండు గదుల మధ్య తలుపు తీసినవాళ్లలో ఈయన ఒకరు. 1942లో ఆ కలయికకు ఎపిజెనెటిక్స్ అని పేరు పెట్టారు.

మధ్యలో యుద్ధం వచ్చింది. బ్రిటిష్ వైమానిక దళంలో జలాంతర్గాములను వేటాడే కోస్టల్ కమాండ్‌కు ఆయన సైన్స్ సలహాదారు అయ్యారు. అక్కడ ఒక చిత్రం బయటపడింది. విమానాలకు షెడ్యూల్ ప్రకారం చెకింగ్ చేసిన వెంటనే రిపేర్లు తగ్గాల్సింది పోయి పెరుగుతున్నాయి. బాగా నడుస్తున్నదాన్ని విప్పి బిగించడంలోనే పాడవుతోంది. చెకింగుల మధ్య వ్యవధి పెంచితే మేలని తేలింది. ఇప్పటికీ దీన్ని వాడింగ్టన్ ఎఫెక్ట్ అంటారు. మా వీక్లీ టెస్టుల మాట నేను ఇక్కడ ఎత్తను.

యుద్ధం తర్వాత 1947లో ఎడిన్‌బరోలో ప్రొఫెసర్ అయ్యారు. అందరికీ తెలిసిన బొమ్మ ఆయన 1957 నాటి పుస్తకంలో ఉంది. ఒక కొండ, దాని మీద ఒక గోళీ. కొండవాలులో లోయలు చీలుతూ కిందికి దిగుతాయి. గోళీ అంటే ఇంకా ఏమీ కాని సెల్. దొర్లుతూ ఒక లోయలో పడితే చర్మం, ఇంకో లోయలో పడితే నరం, మరో లోయలో పడితే రక్తం. చాలా పుస్తకాల్లో ఈ బొమ్మే వేసి ఊరుకుంటారు. కానీ ఆయన ఇంకో బొమ్మ కూడా గీయించారు, అదే కొండను కింది నుంచి చూస్తే ఎలా ఉంటుందో. కింద నేలలో మేకులు, మేకులకు కట్టిన తాళ్లు, ఆ తాళ్లు పైనున్న షామియానా గుడ్డను లాగి పట్టుకుని ఉంటాయి. మేకులు జీన్స్. ఒక లోయకు ఒక మేకు అని ఉండదు. తాళ్లు ఒకదానితో ఒకటి ముడిపడి, అన్నీ కలిసి లాగితేనే ఆ లోయ ఏర్పడుతుంది.

తాళ్లు నిజంగా ఏమిటో ఆయనకు పూర్తిగా తెలియదు. ఈ రోజు మనకు కొంత తెలుసు. మన ఒక్కో సెల్‌లో దాదాపు రెండు మీటర్ల డీఎన్ఏ ఉంటుంది. అది చిందరవందరగా కాకుండా హిస్టోన్లు అనే ప్రొటీన్ల చుట్టూ, రీలుకు దారం చుట్టినట్టు చుట్టుకుని ఉంటుంది. ఈ దారం, రీళ్లు కలిసినదాన్నే క్రొమాటిన్ అంటారు. హిస్టోన్లను జర్మన్ శాస్త్రవేత్త ఆల్బ్రెక్ట్ కోసెల్ 1884లోనే బాతుల జాతి పక్షి రక్తంలో కనిపెట్టారు. కానీ చాలా కాలం అవి ఉత్త ప్యాకింగ్ సామాను అనుకున్నారు. రీలు నుంచి చిన్న తోకలు బయటికి పొడుచుకొస్తాయి. వాటి మీద సెల్ చిన్న చిన్న రసాయన గుర్తులు అతికిస్తుంది, తీసేస్తుంది. ఎసిటైల్ అనే గుర్తు పడితే దారం మీద రీలు పట్టు సడలుతుంది, ఆ చోటున్న జీన్‌ను చదవడం వీలవుతుంది. మిథైల్ గుర్తు పడే చోటును బట్టి ఒకచోట జీన్ తెరుచుకుంటుంది, ఇంకోచోట మూసుకుంటుంది. కంటి సెల్‌లోనూ కాలేయం సెల్‌లోనూ ఉన్న పుస్తకం ఒకటే, తెరిచి ఉన్న పేజీలు వేరు. ఎసిటైల్ గుర్తులకూ జీన్ చదవడానికీ సంబంధం ఉందని న్యూయార్క్‌లో విన్సెంట్ ఆల్‌ఫ్రే బృందం 1964లో చెప్పింది. అప్పటికి వాడింగ్టన్ బతికే ఉన్నారు. ఆ గుర్తులు అతికించే, తీసే ఎంజైములు జీన్స్ నియంత్రణలో భాగమని గట్టిగా తేలింది 1996లో.

ఆయన ప్రయోగాల్లో ఎక్కువ గొడవ తెచ్చినది 1953 నాటిది. ప్యూపా దశలో ఉన్న ఈగలను నాలుగు గంటలు 40 డిగ్రీల వేడిలో ఉంచారు. కొన్నింటికి రెక్కల్లో అడ్డ ఈనెలు లేకుండా పోయాయి. వాటినే ఎంచి పిల్లల్ని పెట్టించి, మళ్లీ వేడి, మళ్లీ ఎంపిక. దాదాపు పద్నాలుగు తరాలకు, వేడి తగలకుండానే అలాంటి ఈగలు కొన్ని పుట్టాయి. బతుకులో సంపాదించింది పిల్లలకు వచ్చేస్తుందని ఆయన అంటున్నారని చాలామంది పొరబడ్డారు. ఆయన వివరణ అది కాదు. ఆ ఈగల గుంపులో ముందే దాగి ఉన్న రకరకాల జీన్స్ తేడాలను వేడి బయటపెట్టింది, ఎంపిక వాటిని ఒకచోట చేర్చింది. లోపాలు లేని మనిషేం కాదు. ఎన్నో సబ్జెక్టుల్లో చేయి పెట్టి చాలావాటిని సగంలో వదిలారనే పేరుంది. పెయింటింగ్ మీద కూడా పెద్ద పుస్తకం రాశారు. 1975 సెప్టెంబర్‌లో ఎడిన్‌బరోలో కన్నుమూశారు. హిస్టోన్ల చుట్టూ డీఎన్ఏ పూసల్లా అమరి ఉంటుందనే నమూనా వచ్చింది అంతకు ముందు ఏడాదే.

ఇప్పుడు ఆ రిపోర్టు సంగతి. ఉమ్మి పరీక్ష చూసేది మేకులను. అదీ కొన్నింటినే. తాళ్లు దానికి కనిపించవు. మెదడు సెల్స్‌లో ఏ పేజీలు తెరిచి ఉన్నాయో ఉమ్మిలోని సెల్స్ చెప్పలేవు. చదువు వంటి విషయంలో వేల కొద్దీ జీన్ తేడాలు, ఒక్కొక్కటీ ఆవగింజంత ప్రభావంతో, ఇల్లు, బడి, తిండి, నిద్రలతో కలిసి పనిచేస్తాయి. అందులోంచి ఒక పిల్లవాడి లెక్కల మార్కు తీయడం కుదరదు. దీనికి తిరగేసిన మాట అమ్మేవాళ్లూ ఉన్నారు, మా క్యాంపుకు పంపితే మీ పిల్లల జీన్స్ ఆన్ చేస్తాం అని. ఎలుకల్లో జ్ఞాపకం ఏర్పడేటప్పుడు హిస్టోన్ల మీద గుర్తులు మారతాయని ప్రయోగాలు చెబుతున్న మాట నిజమే. అక్కడి నుంచి వారం రోజుల క్యాంపు ఫీజు దాకా దారి మాత్రం ఎవరూ వేయలేదు.

ఆ మీటింగ్ తర్వాత లెక్కల మేడమ్‌తో కలిసి ఆ బాబు పాత నోట్‌బుక్స్ తిరగేశాం. భిన్నాల దగ్గర ఆగిపోయాడు. ఐదో తరగతిలో టైఫాయిడ్‌తో నెల రోజులు స్కూలుకు రాలేదట. ఆ నెలలో క్లాసులో చెప్పిన పాఠం అదే.