మైకేల్ టోనెట్

నారాయణపేటలో చీరలు నేసే నేతకారులు ఎనిమిది చీరలకు సరిపడు పడుగును ఒక్కమారే మగ్గమునకు ఎక్కించడం ఆనవాయితీ. ప్రతి చీరకూ మగ్గాన్ని మరల సిద్ధపరచే శ్రమ, కాలం దీనివలన మిగులుతాయి. చేతిపనిలో వృథాను ఇట్లే వెదకి తొలగించిన వడ్రంగి ఒకడు పందొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో ఉన్నాడు. అతడే మైకేల్ టోనెట్.

టోనెట్ 1796లో జర్మనీలో రైన్ నదీతీరాన గల బొపార్డ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి తోళ్లు పదును చేసేవాడు. టోనెట్ మాత్రం కొయ్యపని నేర్చి, 1819లో సొంత పనిశాల పెట్టుకున్నాడు. ఆనాడు కుర్చీకి వంపు కావలెనంటే లావుపాటి దుంగను చెక్కి, ముక్కలను అతికించవలసి వచ్చేది. అందులో ఎంతో కలప పొట్టుగా పోయేది. టోనెట్ పలుచని పలకలను జిగురులో ఉడికించి, అచ్చులో వంచి చూశాడు. ఈ ప్రయోగాలకు అప్పులు చేశాడు. 1841లో కోబ్లెంజ్ ప్రదర్శనలో అతని పనితనాన్ని ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ మెచ్చి, వియన్నాకు ఆహ్వానించాడు. 1842లో అతడు అక్కడ ఉండగానే అప్పులవాళ్లు బొపార్డ్‌లోని ఆస్తిని స్వాధీనం చేసుకున్నారు. నలభయ్యారేళ్ల వయసులో, కుటుంబ భారంతో, టోనెట్ పరుల కొలువులో పనివాడుగా మళ్లీ మొదలుపెట్టాడు. 1849లో గాని మరల సొంత పనిశాల సమకూరలేదు.

జిగురుతో అతికిన కుర్చీలు తేమగల దూరదేశాలలో విడిపోయేవి. అందువలన అతికింపు లేని కొయ్యనే వంచ పూనుకున్నాడు. ఆవిరిలో మెత్తబడిన కొయ్యను వంచితే వెలుపలి అంచు సాగి చిట్లుతుంది. ఆ అంచున ఇనుప బద్దను బిగించి వంచినచో కొయ్య సాగదు, లోపలి వైపు నొక్కుకొనును. ఇంత చిన్న కిటుకుకు ఎన్ని ఏండ్లు పట్టినవో! 1856లో దీనిపై అతనికి హక్కుపత్రం లభించింది.

వెంటనే బీచ్ చెట్ల అడవులకు చేరువగా, మొరావియాలోని కోరిచానిలో కర్మాగారం నెలకొల్పాడు. కలపను దూరం నుండి మోయించే ఖర్చు తగ్గింది. కొయ్య కోయడం, వంచడం, ఆరబెట్టడం, నునుపు చేయడం, పేము అల్లడం వేరువేరు చేతులకు అప్పగించాడు. పరిసర గ్రామాల స్త్రీపురుషులు స్వల్ప శిక్షణతోనే ఆ పనులు చేయగలిగారు. కుర్చీని ఆసాంతం తానే చేసిన తృప్తి వారికి దక్కలేదన్నది కాదనలేము.

1859లో వెలువడిన పద్నాలుగో నంబరు కుర్చీలో ఉన్నవి ఆరు కొయ్య ముక్కలు, పది మరమేకులు, రెండు నట్లు మాత్రమే. విడదీసిన 36 కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో ఇమిడేవి; చేరిన చోట బిగించుకొనుటే. 1867 పారిస్ ప్రదర్శనలో ఇది స్వర్ణపతకం పొందింది.

టోనెట్ 1871లో వియన్నాలో మరణించాడు. 1853లోనే సంస్థను కుమారుల పేరిట వ్రాసి ఇచ్చి ఉన్నందున పని ఆగలేదు. 1930 నాటికి ఆ ఒక్క నమూనా కుర్చీలే సుమారు ఐదు కోట్లు అమ్ముడుపోయినవి.