పలకబలపము నుండి ఫుట్‌బాల్ మైదానము వరకు: సయ్యద్ అబ్దుల్ రహీం



పతకము ధరించిన క్రీడాకారుని లోకము కొంతకాలమైనను స్మరించును. అతనిని తీర్చిదిద్దిన గురువును మాత్రము త్వరలోనే మఱచును. పగలు పాఠశాలలో పాఠములు చెప్పి, సాయంకాలము మైదానమున నిలిచి, భారతదేశమునకు ఆసియా క్రీడలలో రెండు పర్యాయములు ఫుట్‌బాల్ స్వర్ణపతకమును సాధించిపెట్టిన హైదరాబాదు ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీంగారు అట్టి గురువులలో అగ్రగణ్యులు.

రహీంగారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రులైరి. విద్యార్థిదశలోనే ఫుట్‌బాల్ ఆటలో పేరు గడించిరి. పిమ్మట ఉపాధ్యాయవృత్తిని స్వీకరించి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు ప్రాంతముల పాఠశాలలలో పనిచేసిరి. వ్యాయామవిద్యను గూడ అభ్యసించి, తాము పనిచేసిన పాఠశాలలలో బాలుర ఆటపాటల భారమును వహించిరి. ఉపాధ్యాయుడు పిల్లవానిలోని లోపమును కనిపెట్టును. కాని యందుకై వానిని విడువడు, ఆ లోపమును సవరించును. రహీంగారు ఈ పద్ధతినే మైదానమునకు గొనిపోయిరి.

1943వ సంవత్సరమున ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, మరణపర్యంతము ఇరువది సంవత్సరములు ఆ బాధ్యతను మోసిరి. అప్పటికి మన ఆటగాండ్రలో పెక్కుమంది ఒంటికాలి నేర్పరులు. బంతి దొరికినచో ఒంటరిగా తీసికొనిపోవుటయే గొప్ప యని తలంచువారు. రహీంగారు ఎడమకాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను, బంతిని తనయొద్ద నుంచుకొనక వెంటనే తోడివానికి అందింపవలసిన పోటీలను ఏర్పాటు చేసిరి. బలహీనమైన కాలికి బలము వచ్చెను. తనకొఱకు గాక పదునొకండుగురికొఱకు ఆడవలెనను బుద్ధియు కుదిరెను. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పును గెలుచుకొనెను.

1951లో ఢిల్లీ నగరమున తొలి ఆసియా క్రీడలు జరిగినప్పుడు రహీంగారు భారతజట్టునకు శిక్షకులు. తుదిపోటీలో ఇరాను జట్టును ఒక గోలుతో ఓడించి మనవారు స్వర్ణము సాధించిరి. మఱుసటి యేట హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో గర్వభంగమైనది. ఆ చలిలో మనవారు పెక్కుమంది పాదరక్షలు లేకయే ఆడిరి; యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో పరాజితులైరి. అటుపిమ్మట మన ఆటగాండ్రకు బూట్లు తప్పనిసరి యైనవి. రహీంగారు ఆ పరాజయమును అవమానముగ గాక పాఠముగ గ్రహించిరి. నాలుగేండ్లకు, 1956లో, మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆయన శిష్యులు ఆతిథ్యదేశమైన ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగవ స్థానము నందుకొనిరి. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశము అంతకుమించి యెన్నడును ఎదుగలేదు.

ఆయన నిష్పాక్షికతకు తార్కాణము ఆయన యింటనే యున్నది. కుమారుడు సయ్యద్ షాహిద్ హకీంగారు స్వయముగ మంచి ఆటగాడు. 1960 నాటి రోము ఒలింపిక్ జట్టులో సభ్యుడు. కాని తండ్రి శిక్షకుడుగా నున్న ఆ క్రీడలలో ఆయనకు మైదానమున దిగు అవకాశమే రాలేదు. 1962 నాటి ఆసియా క్రీడల జట్టులోను ఆయనకు చోటు దక్కలేదు. బంధుప్రీతి ధర్మమును మ్రింగివేయు సందర్భములను నిత్యము చూచుచున్న మనకు ఇది ఆలోచింపదగిన విషయము.

1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలు ఆయన జీవితమునకు కలశప్రాయములు. ఇజ్రాయెలు, తైవాను క్రీడాకారులను ఇండొనేషియా రానీయకపోవుటను భారతీయుడైన గురుదత్ సోంధీగారు ఆక్షేపించిరి. దానిచే అచటి ప్రజలు భారతీయులపై ఆగ్రహించిరి. మనవారు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిరి. పిదప రక్షణపంక్తిలో ఆడు జర్నైల్ సింగుగారి తలకు గాయమై కుట్లు పడినవి. రహీంగారు జంకలేదు. గాయపడిన జర్నైల్ సింగుగారినే ముందుపంక్తికి మార్చిరి. సెప్టెంబరు 4వ తేదీన తుదిపోటీలో మరల దక్షిణ కొరియాయే యెదురైనది. చుట్టును ప్రతికూలమైన జనసముద్రము. పి.కె. బెనర్జీగారు ఒక గోలు, జర్నైల్ సింగుగారు మఱియొక గోలు చేయగా, భారతదేశము 2–1తో విజయము నందినది. మొదట ఎవరిచే నోడిరో తుద కా జట్టునే గెలిచిరి.

ఆ విజయోత్సాహము చల్లారకముందే వ్యాధి ఆయనను క్రుంగదీసెను. ఊపిరితిత్తుల క్యాన్సరుచే 1963 జూన్ 11వ తేదీన, తమ యేబదిమూడవ యేట, రహీంగారు కన్నుమూసిరి. జకార్తా విజయము జరిగి అప్పటికి తొమ్మిది మాసములు మాత్రమే. ఆసియా క్రీడలలో 1970లో మనకు ఫుట్‌బాల్ కాంస్యపతకము లభించినది గాని, స్వర్ణము నేటివరకును మరల రాలేదు. 2024లో ఆయన జీవితము నాధారము చేసికొని హిందీలో ‘మైదాన్’ అను చలనచిత్రము వెలువడినది. ఆయన నడయాడిన నగరమున నివసించువారిలో గూడ పలువురు ఆ పేరు వినుట అప్పుడే.

నేనును పాఠశాలలో సుద్దముక్క పట్టినవాడను. రహీంగారి చరిత్ర నాకు చెప్పు మాట యొక్కటే. జీతమునకు చేయు పని సాయంకాలపు గంటతో ముగియును. గంట మ్రోగిన పిమ్మట పిల్లలకొఱకు ఎవరు నిలుతురో వారివలననే ఊరు పెరుగును. మన గ్రామములలోను సాయంకాలము బంతి వెంట పరుగెత్తు పిల్లలున్నారు. వారియొద్దకు పోయి, ఎడమకాలితో గూడ ఆడుడని నేర్పు పెద్దలే కఱవైనారు. మనలో ఒక్కరైనను ఆ మైదానమునకు నడచినచో, అదియే ఆ మహనీయునకు నిజమైన స్మరణ.